తేలును పెంచాలా, తెలుసుకోవాలా?



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాళ్లకు తేలును కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. వెలికొండల అంచున ఉన్న ఊళ్లు మనవి. చుట్టూ రాళ్లగుట్టలు, ఎర్రనేలలు, ఎండిన వాగులు. కంది కట్టెల మోపు కింద తేలు ఉంటుంది, పాత గోడ సందులో ఉంటుంది, చెక్క గరిటెలు చేయడానికి కొండ నుంచి తెచ్చిన కట్టెలోనూ ఉంటుంది. హాస్టల్ పిల్లలకైతే ఇంకా బాగా తెలుసు. ట్రంకు పెట్టె జరిపితే తేలు, మడతపెట్టిన దుప్పటి దులిపితే తేలు, బాత్రూముల వెనక ఇటుకల కుప్ప కదిపితే తేలు. తేలుకు విషం తోకలో ఉంటుందని చెప్పే సుమతీ శతక పద్యం మనకు బడికి రాకముందే అనుభవంలో ఉంది.

అయితే ఈ మధ్య హాస్టళ్లలో కొత్త సరదా ఒకటి కనిపిస్తోంది. పిల్లలు తేళ్లను పట్టి, ఖాళీ హార్లిక్స్ సీసాల్లోనో, మూతకు చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాల్లోనో పెట్టి పెంచుతున్నారు. కొందరు కొండి తుంచి అరచేతిలో నడిపిస్తూ ఫోనులో వీడియోలు తీసుకుంటున్నారు. కొందరు చిన్నతరగతుల పిల్లలను బెదిరించడానికి వాడుతున్నారు. మరి కొందరైతే పెద్ద నల్లతేలుకు లక్షలిస్తారని ఎవరో చెప్పిన మాట నమ్మి, ఆదివారం పూట గుట్టలెక్కి రాళ్లు తిరగేస్తున్నారు. దీన్ని అల్లరి అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు, వార్డెన్ గారికి చెప్పి బెత్తం తెప్పించేవాళ్లు ఉన్నారు. ఈ రెండూ చాలవని నా అభిప్రాయం. తేలు మీద మన పిల్లలకున్న ఆసక్తి మంచిది. ఆ ఆసక్తి పోతున్న దారి మంచిది కాదు. ఎందుకు కాదో వివరంగా మాట్లాడుకుందాం.

మన తేళ్లు రెండు రకాలు

ప్రపంచంలో 2,500కు పైగా జాతుల తేళ్లున్నాయి. వాటిలో మనిషి ప్రాణం తీయగలిగినవి పాతిక ముప్పైకి మించవు. దురదృష్టవశాత్తూ వాటిలో పేరుమోసిన ఒకటి మన ఊళ్లలోనే ఉంది. అదే ఎర్రతేలు. శాస్త్రజ్ఞులు దాన్ని హాటెన్‌టోటా టాములస్ అంటారు. పెద్దగా పొడవు ఉండదు. డెక్కలు సన్నగా, తోక మాత్రం లావుగా ఉంటుంది. రెండోది మండ్రగబ్బ. నల్లగా, నిగనిగలాడుతూ, జానెడు పొడవుకు దగ్గరగా పెరుగుతుంది. దాని డెక్కలు పీత డెక్కల్లా లావుగా ఉంటాయి, తోక వాటి ముందు సన్నగా కనిపిస్తుంది.

ఇక్కడే మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. పెద్దదాన్ని చూసి భయపడతాం, చిన్నదాన్ని చూసి 'ఇదేం చేస్తుందిలే' అనుకుంటాం. నిజం తలకిందులుగా ఉంటుంది. మండ్రగబ్బ కుడితే నొప్పి ప్రాణం పోయినట్టే ఉంటుంది గానీ సాధారణంగా ప్రాణం పోదు. ఎర్రతేలు కుడితే, ముఖ్యంగా పిల్లలకు, ప్రాణం మీదికి వస్తుంది. బలమైన డెక్కలున్న తేలు వేటను డెక్కలతోనే నలిపేస్తుంది కాబట్టి విషం మీద ఎక్కువ ఆధారపడదు. సన్న డెక్కల తేలుకు కొండే ఆయుధం. అన్ని జాతులకూ ఇది కచ్చితంగా వర్తించకపోయినా, మన గుట్టల్లో గుర్తుపెట్టుకోదగ్గ లెక్క ఇది. సీసాలో పెట్టడానికి పిల్లలు ఎంచుకునేది మాత్రం సులభంగా దొరికే, చిన్న మూతిలో పట్టే ఎర్రతేలునే!

ఇంకొక మాట. తేలు పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయని, తల్లిని తినేస్తాయని మన ఊళ్లలో చెబుతారు. 'తేలు కడుపున పుట్టినవాడు' అని తిట్టడం కూడా విన్నాను. ఇది పూర్తిగా అబద్ధం. తేలు గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. పుట్టిన పిల్లలు తెల్లగా, మెత్తగా, తల్లి వీపు మీదికి ఎక్కి కూర్చుంటాయి. మొదటి కుబుసం విడిచేదాకా తల్లి వాటిని మోసుకుని తిరుగుతుంది. పురుగుల ప్రపంచంలో ఇంత శ్రద్ధగల తల్లులు తక్కువ. రాయి కింద చచ్చిపడున్న తల్లినీ, చుట్టూ పిల్లల్నీ ఎప్పుడో ఎవరో చూసి అల్లిన కథ అది అయ్యుండాలి. చూసినదానికీ, అనుకున్నదానికీ తేడా తెలుసుకోవడమే సైన్సు అని మన మాస్టార్లు చెప్పింది ఇందుకే.

పెంచడమంటే మాటలు కాదు

'అన్నా, విదేశాల్లో కుక్కపిల్లల్లా తేళ్లను పెంచుతారంట కదా' అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, పెంచుతారు. వాళ్లు పెంచే విధానం మనం సీసాలో పడేసే విధానం ఒకటి కాదు. ఆ పని ఎలా ఉంటుందో తెలిస్తే మన సీసా ఎంత క్రూరమైనదో అర్థమవుతుంది.

తేలు ఒంటరి జీవి. ఒకే డబ్బాలో రెండింటిని పెడితే ఒకటి రెండోదాన్ని తినడం మామూలు. అందువల్ల ఒక్కోదానికి ఒక్కో గాజుపెట్టె కావాలి. మండ్రగబ్బ బొరియ తవ్వుకుని బతికే జీవి. దానికి జానెడు లోతు మట్టి, ఆ మట్టి అడుగున చెమ్మ ఉండాలి. ఎర్రతేలుకు పొడి ఇసుక, దాక్కోవడానికి రాతిపలకో చెట్టు బెరడో కావాలి. వారానికి ఒకటి రెండు బొద్దింకలో కీచురాళ్లో బతికున్నవి వేయాలి. చిన్న మూతలో నీళ్లుండాలి. తేలు పెద్దదయ్యేలోపు ఐదారుసార్లు కుబుసం విడుస్తుంది. ఆ సమయంలో చెమ్మ చాలకపోతే పాత చర్మంలోనే ఇరుక్కుని చచ్చిపోతుంది. మే నెలలో మన రేకుల వరండాలో పెట్టిన సీసా లోపల వేడి ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. తేలు తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. అందుకే సీసాలో పెట్టినవాడు 'ఏమీ పెట్టకపోయినా బాగానే ఉంది' అనుకుంటాడు. అది బాగా ఉండటం కాదు, చావడానికి ఎక్కువ కాలం పట్టడం.

ఇక కొండి తుంచడం. కొండి తేలుకు ఆయుధం మాత్రమే కాదు, తోక చివరి భాగం. దాన్ని తుంచితే మళ్లీ మొలవదు. మలద్వారం తోక చివర, కొండికి ఆనుకునే ఉంటుంది కాబట్టి తుంచే చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే తేలు నరకం అనుభవించి చస్తుంది. అరచేతిలో వీడియో కోసం ఇంత హింస అవసరమా?

పిల్లలు పెట్టించడం, అంటే సంతానం పెంచడం మరీ కష్టం. మగతేలు ఆడదాని డెక్కలు పట్టుకుని, నాట్యం చేసినట్టు ముందుకూ వెనక్కూ నడిపిస్తుంది. చదునైన చోటు దొరికితేనే ఆ జత కలుస్తుంది. ఆ తర్వాత గర్భం నెలల తరబడి ఉంటుంది. పెద్ద నల్లతేళ్లలో ఏడాది దాకా పట్టవచ్చు. పుట్టిన పిల్లలు పెద్దవి కావడానికి మళ్లీ రెండు మూడేళ్లు. లెక్క వేసుకోండి. ఎనిమిదో తరగతిలో మండ్రగబ్బను పెంచడం మొదలుపెట్టిన పిల్లవాడు పదో తరగతి పరీక్షలు రాసి హాస్టల్ ఖాళీ చేసేనాటికి మొదటి కాన్పు పిల్లలు ఇంకా ఎదిగి ఉండవు!

ఇంత నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టే విదేశాల్లో సరదా కోసం పెంచేవాళ్లు చాలాకాలం అడవి నుంచి పట్టుకొచ్చినవాటి మీదే ఆధారపడ్డారు. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి చక్రవర్తి తేలు అనే పెద్ద నల్లతేలును వేలకు వేలు ఎగుమతి చేశారు. చివరికి 1995 నుంచి దాని వ్యాపారం మీద సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద నియంత్రణ పెట్టాల్సి వచ్చింది. మన దేశంలో కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ చేసి, ఆ ఒప్పందం జాబితాలోని విదేశీ జీవులను పెంచుకునేవాళ్లు ప్రభుత్వానికి వివరాలిచ్చి నమోదు చేసుకోవాలన్నారు. పెట్టెలు, ఎరువేడి దీపాలు, పుస్తకాలు అన్నీ ఉన్న దేశాలవాళ్ల సరదానే అడవిని అంతగా ఖాళీ చేస్తే, సీసా తప్ప ఏమీ లేని మన సరదా ఏం చేస్తుంది?

లక్షల కథ

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తాను. మన ప్రాంతంలో రెండు తలల పాము కథ అందరికీ తెలుసు. ఆ పాము ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని, కోట్లకు కొంటారని చెప్పి ఎందరిని మోసం చేశారో, ఎందరు కేసుల్లో ఇరుక్కున్నారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. నక్షత్ర తాబేలు కథ అలాంటిదే. ఆ వరసలోకి వచ్చింది నల్లతేలు. 'ఇన్ని గ్రాముల బరువు తూగితే ఇన్ని లక్షలు' అని చెబుతారు. తూగిన తేలు మాత్రం ఎవరికీ దొరకదు. దొరికినా కొనేవాడు దొరకడు. మధ్యలో 'అడ్వాన్సు కట్టు, శాంపిల్ పంపు' అనేవాడు మాత్రం తప్పక దొరుకుతాడు.

ఇది మన దగ్గరే పుట్టిన పిచ్చి కాదు. 2010 తర్వాతి సంవత్సరాల్లో పాకిస్తాన్‌లోని సింధ్, థార్ ఎడారి ప్రాంతాల్లో ఇదే ప్రచారం వ్యాపించింది. కూలిపనులు వదిలేసి జనం రాత్రుళ్లు లైట్లు పట్టుకుని తేళ్ల వేటకు పోయారు. అక్కడ వేటాడినవాళ్లూ మనలాంటి పేదవాళ్లే. పేదవాడి ఆశను పెట్టుబడిగా పెట్టి చేసే వ్యాపారాలకు దేశం, మతం తేడా ఉండదు.

'తేలు విషం ప్రపంచంలోకెల్లా ఖరీదైన ద్రవం అని చదివాం, అది కూడా అబద్ధమేనా?' అని అడగవచ్చు. అందులో కొంత నిజం ఉంది, అందుకే ఈ అబద్ధం నిలబడుతోంది. పరిశోధనకు వాడే శుద్ధమైన విషానికి గ్రాము లెక్కన చాలా ఎక్కువ ధర ఉన్న మాట నిజం. అయితే ఒక తేలు నుంచి ఒకసారి వచ్చే విషం సుమారు ఒక మిల్లీగ్రాము, తరచు అంతకంటే తక్కువ. తోకకు సన్నని విద్యుత్తు తగిలించి, గాజుగొట్టంలో చుక్క పట్టి, వెంటనే గడ్డకట్టించి పొడి చేయాలి. ఒక్క గ్రాము కూడాలంటే వెయ్యికి పైగా తేళ్లు కావాలి. ఈజిప్టులో మహమ్మద్ హమ్దీ బోష్టా అనే యువకుడు పురావస్తు శాస్త్రం చదువు వదిలి కైరో వెనమ్ కంపెనీ పెట్టాడు. 2020 నాటికి అతని దగ్గర 80,000 తేళ్లు ఉన్నాయి. అతనికి అనుమతులు, ప్రయోగశాల, కొనే కంపెనీలు ఉన్నాయి. మన తమ్ముడి దగ్గర సీసాలో ఉన్నది ఒక తేలు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని చెప్పకుండా 'విషం ఖరీదైనది' అన్న సగం నిజాన్ని మాత్రమే చెప్పేవాడు మన మేలు కోరేవాడు కాదు.

విషానికి విలువ తెచ్చింది దాన్ని అర్థం చేసుకున్నవాళ్ల చదువు. మన ఎర్రతేలు విషం నుంచే ఇబెరియోటాక్సిన్ అనే పదార్థాన్ని శాస్త్రజ్ఞులు వేరుచేశారు. కండరాల్లో, నరాల్లో పొటాషియం రాకపోకలు ఎలా జరుగుతాయో తెలుసుకోవడానికి దాన్ని ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడతారు. మన పాత గోడ సందులో ఉన్న జీవి గురించి ఎక్కడో ఎవరో చదివి పేరు తెచ్చుకున్నారు. ఆ చదివేవాళ్లలో మన హాస్టల్ పిల్లవాడు ఎందుకు ఉండకూడదు? నా బాధ అది.

దేవుడి కొండ మీద తేళ్లు

'కర్నూలు జిల్లా కోడుమూరులో కొండలరాయుడి గుడి దగ్గర శ్రావణ మాసం మూడో సోమవారం జనం తేళ్లను చేత్తో పట్టి స్వామికి సమర్పిస్తారు, తల మీద కూడా పెట్టుకుంటారు. వాళ్లకు ఏమీ కాలేదు కదా' అనే వాదన ఒకటుంది. నారాయణపేటకు దగ్గరలో, కర్ణాటకలోని కందుకూరు కొండ మీద కూడా నాగపంచమి నాడు ఇలాగే చేస్తారు. నేను ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయను. ఏడాదికొక రోజు ఆ రాళ్ల కింది ప్రాణిని దేవుడి పేరు తలుచుకుని చేతిలోకి తీసుకోవడంలో భయాన్ని గెలిచే ప్రయత్నం ఉంది.

అయితే రెండు విషయాలు గమనించాలి. తేలు విషాన్ని పొదుపుగా వాడుతుంది. విషం తయారుకావడానికి దానికి రోజులు పడుతుంది కాబట్టి, నొక్కకపోతే తొందరపడి కుట్టదు. ఒక్కోసారి విషం వదలకుండానే కుడుతుంది. అందుకని పట్టుకున్న ప్రతివాడికీ ప్రమాదం జరగదు. కానీ 'ప్రతివాడికీ జరగదు' అంటే 'ఎవరికీ జరగదు' అని కాదు. అక్కడ కూడా కుట్టించుకునేవాళ్లు ఉన్నారు, గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తే తగ్గుతుందని చెప్పుకోవడమే అందుకు సాక్ష్యం. రెండోది, అది పగటిపూట, పదిమంది పెద్దల మధ్య జరుగుతుంది. మన సీసా ఉండేది నలభైమంది పిల్లలు వరసగా నేల మీద పడుకునే గదిలో. అర్ధరాత్రి ఎవరి కాలో తగిలి సీసా పగిలితే కుట్టించుకునేది పెంచినవాడు కాదు, పక్కన పడుకున్న మూడో తరగతి పిల్లవాడు.

తేలు ఎవరిని కుడుతుంది?

తేలు అందరినీ కుట్టదు. మంచం మీద, దోమతెరలో పడుకునేవాళ్లను అరుదుగా కుడుతుంది. చెప్పులు లేకుండా పొలానికి పోయే కూలీని కుడుతుంది. వేరుశనగ కట్టలు ఎత్తే అమ్మను కుడుతుంది. ఇటుకబట్టీల్లో ఇటుకలు మోసేవాళ్లను, గొర్రెల వెంట తిరిగేవాళ్లను, చాప మీద నిద్రపోయే మనల్ని కుడుతుంది. ప్రపంచంలో ఏటా సుమారు 12 లక్షల మందిని తేళ్లు కుడతాయని, 3 వేలమందికి పైగా చనిపోతారని 2008లో ఒక శాస్త్రీయ అంచనా వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మన ఇళ్లలాంటి ఇళ్లవాళ్లే. అందుకే ఈ జబ్బు గురించి పెద్ద పెద్ద ఆసుపత్రులు చాలాకాలం పట్టించుకోలేదు.

పట్టించుకున్న ఒక మనిషి గురించి ప్రతి హాస్టల్ విద్యార్థి తెలుసుకోవాలి. ఆయన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. మహారాష్ట్రలో జాల్నా జిల్లాలో పేద రైతు కుటుంబంలో పుట్టి, చిన్నాచితకా పనులు చేసుకుంటూ వైద్యం చదివారు. 1976లో రాయగఢ్ జిల్లా మహాడ్ దగ్గర బిర్వాడీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగంలో చేరారు. ఎర్రతేలు కుట్టినవాళ్లు చెమటలు పట్టి, చేతులు కాళ్లు చల్లబడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి కళ్లముందే చనిపోతుంటే చూశారు. అప్పట్లో దీనికి సరైన మందేమిటో పుస్తకాల్లో లేదు. ఆయన రోగుల పక్కనే రాత్రింబవళ్లు కూర్చుని, ప్రతి గంటా గమనించి రాసుకున్నారు. విషం రక్తనాళాలను బిగించి గుండె మీద భారం వేస్తోందని గ్రహించారు. 1982లో ఆయన పరిశీలనలు లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రికలో వచ్చాయి. తర్వాత రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చవకైన మాత్రతో చికిత్స మొదలుపెట్టారు. తీవ్రంగా విషమెక్కినవాళ్లలో నూటికి ముప్పై నలభైమంది చనిపోయే చోట, మరణాలు ఒకరిద్దరికి తగ్గాయి. 2011లో ప్రాజోసిన్‌తో పాటు తేలు విషానికి విరుగుడు మందు కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక పల్లెటూరి ఆరోగ్య కేంద్రం, ఒక నోటుబుక్కు, ఒక చవక మాత్ర! ఇంతకంటే గొప్ప పాఠం మన హాస్టల్ గోడల మీద రాసుకోవడానికి ఏముంది?

మన దగ్గర ఇంకా ఏం జరుగుతోంది? తేలు కుట్టగానే మంత్రగాడి దగ్గరికి పరుగు. ఉత్తరేణి పసరు, అరగదీసిన చింతగింజ, పొగాకు ముద్ద. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఒక చిన్న పిల్లవాడికి తేలు కుడితే, మంత్రం వేసే ఆయన పక్క ఊరి నుంచి వచ్చేదాకా అందరం కూర్చున్నాం. వాడి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. వాంతులు మొదలయ్యాక గానీ ఎవరికీ ఆసుపత్రి గుర్తుకు రాలేదు. వాడు బతికాడు, కానీ ఆ రెండు గంటలు ఎవరి లెక్కలో వేయాలి?

మంత్రం పనిచేస్తున్నట్టు ఎందుకు కనిపిస్తుందో ఆలోచించండి. ఎక్కువ తేలుకాట్లు ప్రాణాపాయం లేనివి. కొన్ని గంటలకు నొప్పి దానంతటదే తగ్గుతుంది. ఆ గంటల్లో ఎవరు మంత్రం వేస్తే వాళ్లకు పేరు వస్తుంది. అసలు విషం ఎక్కినవాడికి మాత్రం ఆ గంటలే ప్రాణం. కాబట్టి చెమటలు, వాంతులు, నోట్లో నురగలా లాలాజలం, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం - వీటిలో ఏది కనిపించినా ఒక్క నిమిషం ఆలస్యం చేయవద్దు. చిన్నపిల్లలైతే ఇవి కనిపించేదాకా కూడా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయవద్దు. పాముకాటుకిచ్చే ఇంజెక్షను తేలుకాటుకు పనిచేయదు, కాబట్టి కుట్టింది తేలని స్పష్టంగా చెప్పండి. మందులు డాక్టరు చూసి ఇవ్వాల్సిందే, మనంతట మనం మింగేవి కావు.

మరి ఏం చేద్దాం?

'అయితే కనిపించిన ప్రతి తేలునూ చెప్పుతో కొట్టి చంపేద్దాం' అంటారా? గదిలోకి వచ్చిన ఎర్రతేలును చంపినవాడిని నేను తప్పుపట్టను. కానీ గుట్ట మీద రాయి కింద ఉన్నదాని జోలికి పోనక్కర్లేదు. తేళ్ల జాతి నలభై కోట్ల ఏళ్లకు పైగా ఈ భూమి మీద ఉంది. బొద్దింకలను, పురుగులను తిని మనకు మేలే చేస్తోంది. దాని చోట అది ఉండాలి, మన చోట మనం ఉండాలి. చోటు చెరిపేసేది మన నిర్లక్ష్యం.

హాస్టళ్లలో చేయాల్సిన పనులు పెద్దవి కావు. గోడల్లో, గచ్చులో పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. గదుల పక్కన ఇటుకలు, కట్టెలు, విరిగిన బెంచీల కుప్పలు తీసేయాలి. పిల్లలకు మంచాలు కావాలి, ఇది దయ కాదు, హక్కు. చెప్పులు, బట్టలు దులిపి వేసుకోవాలి. దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో తేలుకాటు మందులున్నాయో లేదో వార్డెన్ గారు ఎండాకాలం ముందే, తొలకరికి ముందే కనుక్కోవాలి. ఆ ఆరోగ్య కేంద్రం ఫోను నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఇక తేలు మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా సలహా. సీసా పారేసి నోటుబుక్కు తీసుకోండి. దొంగనోట్లు పట్టడానికి అంగళ్లలో వాడే ఊదారంగు లైటు ఉంటుంది కదా, రాత్రిపూట దాన్ని తేలు మీద వేస్తే ఆకుపచ్చగా, నీలంగా మెరుస్తుంది. చర్మంలో ఉండే పదార్థాల వల్ల అది జరుగుతుంది. అప్పుడే కుబుసం విడిచిన తేలు మాత్రం అంతగా మెరవదు. మాస్టారు వెంట ఉండగా, బూట్లు వేసుకుని, దూరం నుంచి హాస్టల్ గోడ చుట్టూ ఆ లైటు వేసి లెక్కపెట్టండి. ఏ గోడ దగ్గర ఎన్ని ఉన్నాయి, అమావాస్యకు ఎక్కువా పౌర్ణమికి ఎక్కువా, వాన పడ్డ మర్నాడు ఎన్ని వచ్చాయి - తేదీ వేసి రాయండి. ఏడాది రాస్తే ఏ పగులు ముందు పూడ్చాలో ఆ పుస్తకమే చెబుతుంది. సైన్స్ ఫెయిర్‌లో చూపించడానికి అంతకంటే మంచి ప్రాజెక్టు ఉండదు. పైగా అది ఏ పుస్తకంలోనూ లేని, మన ఊరి విజ్ఞానం.

విషజీవులతో గౌరవంగా బతికే దారి కూడా ఉంది. తమిళనాడులో ఇరుళ గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకుని, ప్రభుత్వ అనుమతితో పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతున్నారు. పాముకాటు మందుకు కావాల్సిన విషంలో పెద్ద భాగం వాళ్లే ఇస్తున్నారు. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన జిల్లాలో యానాదుల ఇళ్లలో కూడా పాముల గురించి, పురుగుల గురించి, మూలికల గురించి తరతరాల తెలివి ఉంది. ఆ ఇళ్ల పిల్లలు మన హాస్టళ్లలోనే చదువుకుంటున్నారు. వాళ్లను 'పాములు పట్టేవాడి కొడుకు' అని వెక్కిరించడం మానేసి, వాళ్ల తాతను ఒక రోజు హాస్టల్‌కు పిలిచి మాట్లాడించండి. బజారులో లక్షల కథ చెప్పేవాడి కంటే ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఎక్కువ.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఏటా వార్షికోత్సవానికి వస్తాం, శాలువాలు కప్పుకుంటాం, మెమెంటోలు ఇచ్చిపుచ్చుకుంటాం, బిర్యానీ తిని వెళ్లిపోతాం. ఆ డబ్బులో కొంత తీస్తే రెండు బస్తాల సిమెంటు, నాలుగు ఊదారంగు లైట్లు, కొన్ని మంచాలు వస్తాయి. మనం పడుకున్న నేల మీదే ఈ రోజు మన తమ్ముళ్లు పడుకుంటున్నారు. మనం దులిపిన దుప్పట్లే వాళ్లూ దులుపుతున్నారు. వచ్చే వార్షికోత్సవం నాటికి ఒక్క గదైనా పగుళ్లు లేకుండా ఉంటే, ఆ గదిలో ఒక్క పిల్లవాడైనా తేళ్ల లెక్క రాసిన నోటుబుక్కు మనకు చూపిస్తే, నాకు కప్పాల్సిన శాలువా ఆ పిల్లవాడికి కప్పండి.

తేలును పెంచడం వల్ల మనకు ఒరిగేది లేదు. తేలును తెలుసుకోవడం వల్ల ఒక ప్రాణమైనా నిలుస్తుంది. ఆలోచించండి మిత్రులారా!

- ఒక పూర్వ విద్యార్థి